వ్రేళ్లు నేర్వవలసిన క్రొత్త విద్య

ఒకప్పుడు కుట్టుమిషను ప్రవేశించినట్లే నేడు ల్యాప్‌టాపు మన యిండ్లలో ప్రవేశించినది. పిల్లల చదువునకై కొన్నది కొన్ని యిండ్ల, దూరదేశమునుండి వచ్చిన కుమారుడో కుమార్తెయో ఇచ్చిపోయినది కొన్ని యిండ్ల. బ్యాంకు లెక్కలు, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, పిల్లల మార్కులు, దూరముననున్నవారితో ముఖాముఖి సంభాషణము, ఇవన్నియు దానియందే జరుగుచున్నవి. అయినను గృహిణులలో పెక్కుమంది దాని యెదుట కొంతసేపు కూర్చుండి, “ఇది నాకు రాదు, అబ్బాయి వచ్చిన తరువాత చూచుకొందము” అని లేచిపోవుచుండుట మేమెరుగుదుము. కారణమడిగితిమేని, చదువు రాకకాదు, తెలివి లేకకాదు. కీబోర్డు క్రిందనున్న నున్నని పలక తమ మాట వినదని చెప్పుదురు. ఆ పలకకే ట్రాక్‌ప్యాడనియు, టచ్‌ప్యాడనియు పేరు. దానిని గూర్చియే సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

గత సంవత్సరము మా పినతల్లిగారింట జరిగిన యొక సంగతి మమ్మీ వ్యాసమునకు పురికొల్పినది. ఆమె రాజమహేంద్రవరమున నివసించుచున్నారు. వయస్సు అరువదియారేండ్లు. భర్త గతించిన పిమ్మట, ఆయన సంవత్సరీకమునాటికి ఆయన జీవితవిశేషములను చిన్న పుస్తకముగా అచ్చువేయించి బంధువులకు పంచిపెట్టవలెనని ఆమె సంకల్పించిరి. అమెరికాలోనున్న కుమార్తె ఇచ్చిపోయిన ల్యాప్‌టాపుపై, ప్రతిదినము మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొన్న తరువాత ఒక గంటసేపు కూర్చుండి, ఒక్కొక్క అక్షరమును వెదకుకొనుచు, రెండు నెలలలో పదునొకండు పుటలు తెలుగున టైపు చేసిరి. కడపటి నాలుగు పుటలను ఆమె యింకను సేవ్ చేసికొనలేదు.

ఒకనాటి సాయంకాలము, పైనున్న పుటను చూడగోరి పలకపై వ్రేళ్లుంచి క్రిందికి లాగగా, వ్రాసినదంతయు రెప్పపాటులో మాయమైనది. తెరపై ఆమె భర్తగారి ఛాయాచిత్రము మాత్రము మిగిలినది. ప్రక్కింటి చిన్నవాడు వచ్చి చూచి, ఒక మరమ్మతు దుకాణమునకు ఫోను చేసెను. “యంత్రమును రేపు ప్రొద్దుట తెండు, లోపలిదంతయు తుడిచి క్రొత్తగా ఎక్కింపవలయును” అని యచ్చటివారు సెలవిచ్చిరట. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు. తొమ్మిది గంటలవేళ మాకు ఫోను చేసిరి.

“అమ్మాయీ, నా రాతంతా పోయిందే! తెరమీద మీ బాబాయి ఫొటో తప్ప ఇంకేం లేదు. పొద్దున్నే షాపుకు పంపమంటున్నారు. పంపనా?”

“ఎన్ని వేళ్లతో జరిపావు పిన్నీ?” అని మేమడిగితిమి.

“ఎన్నేమిటే, చేతికొచ్చినన్ని వేళ్లూ పెట్టాను.”

“అయితే దాన్ని ఆపకు, ఎవరికీ ఇవ్వకు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, మూడూ కలిపి పలకమీద పెట్టి మెల్లగా పైకి జరుపు.”

ఆవలనుండి కొంతసేపు మాట వినరాలేదు. పిమ్మట “వచ్చిందే” అని మాత్రమనిరి. ఆమె కంఠము వణకుచుండెను.

జరిగినదేమనగా: విండోస్ పద్ధతిపై నడచు నేటి ల్యాప్‌టాపులలో మూడువ్రేళ్లు పలకపై నుంచి క్రిందికి లాగినచో, తెరచియున్న పనులన్నియు ప్రక్కకు తొలగి వెనుకనున్న తెర కనబడును. బల్లమీది కాగితములను ఒక్కసారిగా ప్రక్కకు తీసి బల్లను చూపినట్లన్నమాట. కాగితములెక్కడికిని పోలేదు. మరల మూడువ్రేళ్లను పైకి జరిపిన వచ్చి యథాస్థానమున నిలుచును. పినతల్లిగారు రెండువ్రేళ్లతో చేయవలసిన పనిని మూడువ్రేళ్లతో చేసిరి, అంతియే తప్పు. కాని యంత్రము మరునాడు దుకాణమునకు పోయియుండెనేని, పోని వ్రాత నిజముగనే పోయియుండెడిది.

ఆడలేక మద్దెలయోడన్నట్లు అని సామెత కలదు. మనవారి విషయమున నిది తలక్రిందైనది. మద్దెల సంగతి విచారింపకయే, ఆడలేనిదాననని తమ్ము తామే నిందించుకొనుచున్నారు. కావున ముందుగా ఈ మద్దెల సంగతి కొంత తెలిసికొందము.

పలక పుట్టుక

కంప్యూటరు తెరపై బాణపుగుర్తును నడపుటకు మొదట ప్రసిద్ధికెక్కినది మౌసు. దానిని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను పరిశోధకుడు 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున పెద్దసభలో ప్రదర్శించెను. ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లు వచ్చిన పిదప మౌసును ఆడించుటకు చోటు కరవయ్యెను. అప్పుడు యంత్రముతోడనే కలిసియుండు పలక యావశ్యకమైనది. ఆపిల్ సంస్థవారు 1994లో పవర్‌బుక్ 500 తరగతి యంత్రములలో నట్టి పలకను పెట్టిరి. ఆ కాలపు పలక ఒక్కవ్రేలి కదలికకే బదులు చెప్పెడిది. నొక్కుటకు దాని క్రింద వేరుగా బటను ఉండెడిది.

పలు వ్రేళ్ల కదలికలను వేర్వేరుగా గుర్తించు నేర్పు ప్రచారమునకు వచ్చుటలో ఒకరి చేతినొప్పికి పాలు కలదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న వేన్ వెస్టర్‌మన్ అను విద్యార్థికి అధికముగా టైపు చేయుటచే చేతులు నొప్పిపెట్టెడివి. తేలికగా తాకినంతనే పనిచేయు పలక యుండిన బాగుండునని ఆయన ఆచార్యుడగు జాన్ ఎలియాస్‌తో కలిసి కృషిచేసి, 1998లో ఫింగర్‌వర్క్స్ అను చిన్న సంస్థను స్థాపించెను. 1999లో ఆ విషయముపైననే సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. ఆ సంస్థను 2005లో ఆపిల్ వారు కొనిరి. 2008 జనవరిలో వెలువడిన మ్యాక్‌బుక్ ఎయిర్ యంత్రమున, చిత్రమును పెద్దదిచేయుట, త్రిప్పుట మొదలగు పనులు వ్రేళ్లతోనే జరుగజొచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరులో వచ్చిన మ్యాక్‌బుక్కులలో క్రిందిబటను మాయమై పలకయంతయు నొక బటనైనది. మైక్రోసాఫ్ట్ వారు 2013లో విండోస్ 8.1తో టచ్‌ప్యాడులకొక కట్టుబాటు నేర్పరచిరి; 2015లో వచ్చిన విండోస్ 10లో మూడువ్రేళ్ల సంజ్ఞలు చేరినవి.

ఈ చరిత్ర చెప్పుటలో మా యుద్దేశమొక్కటియే. చేతికి శ్రమ తగ్గింపవలెనను తలపు ఈ సంజ్ఞల వెనుక కలదు. మన సోదరీమణులో, పిండి మర్దించినట్లు పలకను నొక్కి మణికట్టు నొప్పి తెచ్చుకొనుచున్నారు.

అది పనిచేయు విధము

పలక పైభాగము గాజో, ప్లాస్టికో అయియుండును. దాని క్రింద సన్నని వాహకపు గీతలు అడ్డముగను నిలువుగను గళ్లవలె పరచియుందురు. వానియందు మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు ప్రసరించుచుండును. మానవశరీరము విద్యుద్వాహకము గాన, వ్రేలు తాకగనే ఆ గడిలో విద్యుత్తును నిలుపుకొను శక్తి కొంచెము మారును. ఆ మార్పును లోపలి చిప్ సెకనునకు అనేక పర్యాయములు కొలిచి, వ్రేళ్లెన్ని, ఎచ్చట నున్నవి, ఎటు పోవుచున్నవి అని నిర్ణయించును. స్పర్శయే దానికి ప్రధానము, బలముతో పనిలేదు.

ఈ యొక్క సంగతి తెలిసినచో గృహిణుల సందేహములు సగము తీరును. అంట్లు తోమి, తడిచేతితోనే వచ్చి తాకినచో బాణపుగుర్తు తెరపై చిందులు త్రొక్కును. ఏలయన నీటిబొట్టును గూడ పలక వ్రేలని భ్రమపడును. చేయి పొడిగా తుడుచుకొని రావలయును. గోటికొనతో గీచిన పనిచేయదు. వ్రేలి మెత్తనిభాగము తగులవలయును. అరచేతిని గాని, బొటనవ్రేలిమొదలును గాని పలకపై నానించి టైపు చేసినచో, ఒక వాక్యములో వ్రాయుచున్న అక్షరము అకస్మాత్తుగా వేరొక వాక్యములోనికి దుమికిపోవును. అది యంత్రమునకు పట్టిన దయ్యము కాదు. మన చేయి తెలియక పలకను తాకుటయే. లోహపుగాజులును పలకమీద జీరాడకుండ చూచుకొనవలయును.

ఒక్కొక్కప్పుడు పలక పూర్తిగా మూగవోవును. అనేక ల్యాప్‌టాపులలో కీబోర్డు పై వరుసయందు చతురపు పలక బొమ్మగల మీట యొకటి యుండును. అది పొరపాటున నొక్కబడినచో టచ్‌ప్యాడు నిద్రపోవును. మరల నొక్కినచో మేలుకొనును. కొన్నిటియందు క్రింది మూలనున్న ఎఫ్‌ఎన్ అను మీటతో కూడ నొక్కవలయును. మరమ్మతునకు పంపకమునుపు ఈ మీటను చూచుట మంచిది.

ఆరు సంజ్ఞలు

పుస్తకములలో ఇరువది ముప్పది సంజ్ఞలు చెప్పుదురు. గృహకృత్యములకు ఆరు చాలును. దినమునకొకటి చొప్పున నేర్చుకొన్నచో ఒక వారములో చేతికి వచ్చును.

మొదటిది, ఒక్కవ్రేలు. చూపుడువ్రేలితో తాకి జరిపినచో బాణపుగుర్తు నడచును. కావలసినచోట నిలిపి, కుంకుమ దిద్దునంత తేలికగా నొకసారి తట్టినచో ఎన్నుకొనుట యగును. వెంటవెంట రెండుమారులు తట్టినచో తెరచుకొనును. తట్టుట నడుమ వ్రేలు జారరాదు. జారినచో యంత్రము వేరుగా గ్రహించును.

రెండవది, రెండువ్రేళ్లతో తట్టుట. చూపుడువ్రేలును నడిమివ్రేలును ఒక్కమారు ఆనించి తీసినచో, ఆ వస్తువుతో చేయదగిన పనుల పట్టిక తెరచుకొనును. మౌసున కుడిబటను నొక్కుటకిది సమానము. నకలు తీయుటకును, పేరు మార్చుటకును ఇది ద్వారము.

మూడవది, రెండువ్రేళ్లతో జరుపుట. పొడవైన పుటను చదువునప్పుడు రెండువ్రేళ్లు కొంచెమెడముగా నుంచి పైకిగాని క్రిందికిగాని జరుపవలెను. ఇచ్చట చాలమంది తికమకపడుదురు. కొన్ని యంత్రములలో వ్రేళ్లు పైకి జరిపిన పుటయు పైకి పోయి, క్రిందిభాగము కనబడును. పీటమీది కాగితమును చేతితో త్రోసినట్లు. మరికొన్నిటియందు దీనికి విపరీతము. ఆపిల్ వారు మొదటి పద్ధతిని 2011లో తమ మ్యాక్ కంప్యూటర్లకు నియమముగా పెట్టినప్పుడు పాతవాడుకరులును తడబడిరి. మీ చేతికేది సహజమో దానినే యేర్పాటు చేసికొనవచ్చును. అది యెట్లో ముందు చెప్పుదుము.

నాల్గవది, విప్పుట, ముడుచుట. రెండువ్రేళ్లు దగ్గరగా నుంచి ఎడముగా విప్పినచో చిత్రమును, పుటలోని అక్షరములును పెద్దవగును. ముగ్గుపిండి చిటికె పట్టినట్లు ముడిచిన చిన్నవగును. కండ్లజోడు వెదకుకొను వయస్సువారికి ఈ యొక్క సంజ్ఞ చేయు నుపకారమింతింతకాదు. బ్యాంకువారి షరతులు ఎంత సన్నని యక్షరములలో నున్నను చదువవచ్చును.

ఐదవది, తట్టి లాగుట. ఒక్కవ్రేలితో తట్టి, తత్‌క్షణమే రెండవసారి తాకి, ఎత్తకుండ లాగినచో ఆ వస్తువు వెంబడించును, లేదా ఆ వాక్యము గుర్తింపబడును. ఇది యారింటిలోను కష్టమైనది. నాలుగుదినములు పట్టినను విసుగుకొనరాదు.

ఆరవది, మూడువ్రేళ్లు. పైకి జరిపిన, తెరచియున్న పనులన్నియు చిన్నచిన్న పటములుగా వరుసగా నిలుచును, కావలసినదానిపై తట్టవచ్చును. క్రిందికి జరిపిన అన్నియు తొలగును. ఎడమకు కుడికి జరిపిన ఒక పనినుండి మరియొక పనికి పోవచ్చును. మా పినతల్లిగారిని నిద్రలేకుండ చేసినదిదియే. ఇప్పుడు ఒక గదిలో వంటలపుట, మరియొక గదిలో సరకులపట్టిక తెరచుకొని, ఇటునుండి అటు తిరుగుటకు ఆమె వాడుకొనుచున్నదియు నిదియే.

ఈ చెప్పినవి విండోస్ యంత్రములకు. ఆపిల్ మ్యాకులో మొదటి నాలుగును నించుమించిట్లేయుండును, మూడు నాలుగు వ్రేళ్లవి కొంత భేదించును. అచ్చటి సెట్టింగ్స్‌లో ట్రాక్‌ప్యాడ్ అనుచోట తెరచినచో ప్రతి సంజ్ఞను కదలు బొమ్మలతో చూపుదురు.

పలకను మనకు లొంగదీయుట

విండోస్ 11 యంత్రమున సెట్టింగ్స్ తెరచి, బ్లూటూత్ అండ్ డివైసెస్ అను శీర్షిక క్రింద టచ్‌ప్యాడ్ అను పేరును తట్టవలెను. అచ్చట నాలుగు సవరణలు ముఖ్యములు. బాణపుగుర్తు మిక్కిలి వేగముగా పరుగెత్తుచుండిన వేగమును తగ్గింపవచ్చును. టైపు చేయునప్పుడు అక్షరములు దుముకుచుండిన సున్నితత్వమును తగ్గింపవచ్చును. పుట జరుగు దిక్కును మార్చుకొనవచ్చును. మూడు నాలుగు వ్రేళ్ల సంజ్ఞలు కలవరపెట్టుచుండిన, వానికేమియు చేయవద్దని యాజ్ఞాపింపవచ్చును. నేర్పు వచ్చిన పిదప మరల తెరచుకొనవచ్చును. ఇంటిలో వృద్ధులకు క్రొత్తగా యంత్రమునిచ్చు పిల్లలు ఈ నాలుగు సవరణలును చేసియిచ్చినచో సగము సేవ చేసినవారగుదురు.

యంత్రమును మంచముమీద నుంచి వంగి పనిచేయరాదు. బల్లపై నుంచి, ముంజేయి యానుకొనునట్లు కూర్చుండవలయును. గంటలకొలది పనియున్నచో వేరుగా మౌసు తగిలించుకొనుట మేలు. ఇక వ్రాతపని చేయు ప్రతివారును పుటకొకమారు కంట్రోల్ మీటను ఎస్ మీటతో కలిపి నొక్కి, వ్రాసినదానిని సేవ్ చేయుట అలవరచుకొనవలయును. దీపము పెట్టుట మరువనట్లు దీనిని మరువరాదు.

ఇంత చిన్న పనికి ఇంత వ్రాయవలయునా యని కొందరడుగవచ్చును. పని చిన్నదియే, దానివలన కలుగు పరాధీనత చిన్నది కాదు. పుటను క్రిందికి జరిపి, కడపటనున్న బటనును తట్టలేక, తమ బ్యాంకు రహస్యపదమును ఇంటికి వచ్చిపోవు పిల్లవానికి చెప్పివేసిన గృహిణులను మేమెరుగుదుము. భర్త పింఛను కాగితములు, వైద్యుడు పంపిన పరీక్షాఫలితములు, కుమార్తె తనకొక్కతెకే వ్రాసిన జాబు, ఇవన్నియు ఇతరులు తెరచి చదివి వినిపింపగా వినుచున్నవారెందరో కలరు. అక్షరము రాని కాలమున ఉత్తరములను పరులచే చదివించుకొన్న మన ముత్తవ్వల బాధకును దీనికిని భేదమేమి? అక్షరము నేర్చినవారము రెండువ్రేళ్ల కదలికకై మరల నా దశకు పోవుట న్యాయముగాదు.

పిల్లలకును నొక మాట. అమ్మ అడిగినప్పుడు మీరు యంత్రమును చేతిలోనికి లాగికొని, నాలుగు క్షణములలో పని ముగించి, “ఇంతేనమ్మా” అని పోవుచున్నారు. ఆమెకు తెలిసినదేమియు లేదు. మీ చేతులు కట్టుకొని ప్రక్కన కూర్చుండుడు. ఎన్ని వ్రేళ్లో, ఎటువైపునకో నోటితో చెప్పుడు. ఆమె వ్రేళ్లనే పని చేయనిండు. పదిమారులు తప్పినను చేయి చాపకుడు. మీకు అన్నము కలుపుకొనుట నేర్పినప్పుడామె చేసినదియు నదియే.

మల్లెలు మాలకట్టు వ్రేళ్లు, చుక్క తప్పకుండ ముగ్గుతీగ లాగు వ్రేళ్లు, వీణపై గమకము పలికించు వ్రేళ్లు మనవి. ఆరు సంజ్ఞలు వానికి భారమా? మా పినతల్లిగారి పుస్తకము సంవత్సరీకమునాటికి పదునాలుగు పుటలుగా అచ్చయి బంధువుల చేతులలో పడినది. అది యెవరు టైపు చేసిరని యొకరడుగగా, ఆమె తమ కుడిచేతిని కొంచెము పైకెత్తి చూపి, వడ్డన చూచుటకు లోపలికి పోయిరి.